పద్నాలుగు డిగ్రీల వంకర

గోడంత తెర మీద ఏడేళ్ళ పిల్ల గుండె కొట్టుకుంటోంది. ఆ పిల్ల మాత్రం రెండంతస్తుల కింద, పిల్లల వార్డులో, మంచం మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుని బొమ్మల పుస్తకంలో ఏనుగుకి ఆకుపచ్చ రంగు వేసుకుంటోంది. పైన పదిమంది పెద్దవాళ్ళు చేరి తన గుండెను సినిమా చూసినట్టు చూస్తున్నారని దానికి తెలియదు. తెలిస్తే మాత్రం ఏనుగును వదిలి వస్తుందా అంటే అనుమానమే.

ఆ పదిమందిలో తలుపు పక్కన నిలబడిన ఆమె అందింపులమ్మ. ఆపరేషన్ బల్ల దగ్గర పెద్ద డాక్టరు చెయ్యి చాపగానే ఆ చేతిలో కత్తెరో, సూదో, పట్టకారో పెట్టే నర్సు. పంతొమ్మిదేళ్ళుగా ఆ ఒక్క డాక్టరుకే అందిస్తోంది కాబట్టి ఆసుపత్రిలో ఆమె అసలు పేరు జీతం ఇచ్చేవాళ్ళకు తప్ప ఇంకెవరికీ గుర్తులేదు. ఆమె చూసిన గుండెలకు లెక్క లేదు. కానీ అవన్నీ తెరిచి, ఆపి, ఖాళీ చేసిన గుండెలు. బతికున్న గుండెలో రక్తం ఎటు నుంచి ఎటు పోతుందో ఆమె ఇన్నేళ్ళలో ఒక్కసారీ చూడలేదు. ఇప్పుడు చూస్తోంది. ఎర్రవీ నీలివీ లక్షల చుక్కలు గుంపులుగా దూసుకొస్తున్నాయి, మలుపు దగ్గర సుడి తిరుగుతున్నాయి, విడిపోయి రెండు ఊపిరితిత్తుల్లోకి దారి వెతుక్కుంటున్నాయి.

"ఈ నీలి చుక్కలు కాలేయం మీదుగా వచ్చే రక్తం" అంది తెర పక్కనున్న అమ్మాయి. "మనకి కావాల్సింది వీటి సంగతే."

ఆ అమ్మాయిని అందరూ నీళ్ళమ్మాయి అంటారు. అంతకుముందు వరద వస్తే ఏ వీధిలోకి ఎన్ని అడుగుల నీళ్ళొస్తాయో లెక్కకట్టే ఆఫీసులో పనిచేసేది. రెండేళ్ళ కిందట కాలవలు వదిలేసి రక్తనాళాల్లోకి దిగింది. నీళ్ళయినా నెత్తురైనా పారేవాటికి ఒకటే లెక్క అంటుంది. ఈ లెక్క కట్టిన సూపర్ కంప్యూటరు రెండు వీధుల అవతల ఉంది. పిల్ల స్కాన్ తీసుకుని, ఆ గుండెనూ దాని చుట్టూ ఉన్న నాళాలనూ నాలుగు కోట్ల ముక్కలు చేసి, ఒక్కో ముక్కలో రక్తం ఎటు ఎంత జోరుగా పోతోందో, సెకనును పదివేల భాగాలు చేసి ఒక్కో భాగానికీ విడివిడిగా లెక్కవేస్తుంది. పది గుండెచప్పుళ్ళ లెక్క తేలడానికి దానికి మూడు రోజులు పట్టింది.

పిల్లను వార్డులో గువ్వ అంటారు. ఎప్పుడూ ముడుచుకునే కూర్చుంటుంది కదా, అందుకు. పుట్టుకతోనే దాని గుండెలో సగమే పనిచేస్తుంది. ఆ సగానికి ఒళ్ళంతా రక్తం తోయడమే గగనం. అందుకని ఐదేళ్ళ కిందట పెద్ద డాక్టరు ఒంటి కింది భాగం నుంచి వచ్చే రక్తాన్ని గుండెతో పని లేకుండా ఒక గొట్టం పెట్టి నేరుగా ఊపిరితిత్తుల నాళానికి కలిపాడు. పిల్ల బతికింది, నడిచింది, బడికి వెళ్ళింది. కానీ రెండేళ్ళుగా పెదాలు నల్లబడుతున్నాయి. నాలుగు మెట్లు ఎక్కితే కూలబడిపోతోంది.

కారణం వింటే ఎవరైనా ముక్కున వేలేసుకోవాల్సిందే. కాలేయం మీదుగా వచ్చే రక్తంలో ఏదో ఉంది. ఊపిరితిత్తికి అది కావాలి. అది అందకపోతే ఊపిరితిత్తిలో పిచ్చి నాళాలు పుట్టుకొచ్చి, రక్తం గాలిని తాకకుండానే అడ్డదారిన బయటపడుతుంది. ఆ 'ఏదో' ఏమిటన్నది ఇంకా పూర్తిగా ఎవరికీ తేలలేదు. గువ్వ ఒంట్లో ఆ రక్తమంతా కుడి ఊపిరితిత్తికే పోతోంది. ఎడమదానికి నూటికి ఆరు పాళ్ళు. ఇలాగే వదిలేస్తే ఎడమ ఊపిరితిత్తి చేతికి రాదు, పిల్లా ఎక్కువ కాలం దక్కదు. గొట్టం పై కొసను ఊడదీసి మళ్ళీ వేరే చోట కుట్టాలి. ఎక్కడ కుట్టాలన్నదే ప్రశ్న. గుండె చుట్టూ పాత మచ్చలున్నాయి. మూడోసారి తెరిచే వీలుండదు.

"నాలుగు చోట్ల కుట్టి చూశాం, కంప్యూటర్లో" అంది నీళ్ళమ్మాయి. "మొదటిదీ నాలుగోదీ పనికిరావు. రెండోది మరీ ఎడమకి పోయింది, నూటికి ఎనభైమూడు అటే పోతోంది, కుడిది ఎండుతుంది. మూడోది చూడండి."

మూడో బొమ్మలో నీలి చుక్కలు నాళం దాకా వచ్చి, సగం ఇటూ సగం అటూ విడిపోయాయి. ఎడమకి యాభైరెండు, కుడికి నలభైయెనిమిది. గదిలో ఎవరో చప్పట్లు కొట్టబోయి, పెద్ద డాక్టరు ముఖం చూసి ఆగిపోయారు. పెద్ద డాక్టరుకి కోపం ముక్కు మీదే ఉంటుంది, అక్కణ్ణుంచి దిగడానికి దానికి తీరిక చిక్కదు. ఈసారి మాత్రం ఆయన తల ఊపి, "గురువారం పెట్టుకుందాం, మూడోది" అని లేచాడు.

అందరూ వెళ్ళిపోయాక కూడా అందింపులమ్మ తెర ముందు నుంచి కదల్లేదు. గొట్టం నాళాన్ని కలిసే చోటునే చూస్తోంది.

"ఏంటక్కా, అంత నచ్చిందా?" అంది నీళ్ళమ్మాయి.

"కళ్ళు చాలడం లేదమ్మాయ్. కానీ ఆయన ఇలా కుట్టరు."

"అంటే?"

"నువ్వు గొట్టాన్ని నిట్టనిలువుగా పెట్టావు. ఆయన కుట్టాక అది కాస్త కుడికి ఒరిగి ఉంటుంది. నేను బల్ల పక్కనే ఉంటానుగా, ప్రతిసారీ చూసేదేగా. ఇంత ఒరుగుతుంది." అరచెయ్యి నిలబెట్టి కొంచెం వంచి చూపించింది.

నీళ్ళమ్మాయి నవ్వబోయి, సగంలో ఆగింది. ఏదో గుర్తొచ్చినట్టు కుర్చీలో కూర్చుని, గువ్వతో కలిపి ఇదివరకు ఇదే ఆపరేషన్ జరిగిన పదకొండుమంది పిల్లల స్కాన్లు ఒకదాని తర్వాత ఒకటి తెరిచింది. కొలిచింది. పదమూడు డిగ్రీలు. పద్నాలుగు. పద్నాలుగు. పదిహేను. పదకొండు గొట్టాలూ ఒకే వైపుకి ఒరిగి ఉన్నాయి, మాట్లాడుకుని వచ్చినట్టు.

"అయ్యో, నేనెంత తెలివితక్కువదాన్నక్కా" అంది నీళ్ళమ్మాయి రెండు చేతులూ తల మీద పెట్టుకుని. "ఈ పదకొండుమందికీ నా లెక్కకీ తర్వాత తీసిన స్కాన్‌కీ తేడా వచ్చింది, అందరికీ కుడివైపే. తప్పు నా లెక్కలోనే ఉందనుకున్నా. రక్తం చిక్కదనం అంకెను కాస్త పెంచితే సగటున సరిపోయింది. అలాగే వదిలేశా. చూశావా, పెద్దాయన చెయ్యి వంకరైతే నేను పిల్లల నెత్తురు చిక్కబరిచాను!"

నవ్వొచ్చే మాటే కానీ ఇద్దరికీ నవ్వు రాలేదు. నీళ్ళమ్మాయి మూడో బొమ్మలో గొట్టాన్ని పద్నాలుగు డిగ్రీలు వంచి, రక్తానికి దాని అసలు చిక్కదనం ఇచ్చి, సూపర్ కంప్యూటరుకి పంపింది. మిగతా పనులన్నీ పక్కకు జరిపించి, వెయ్యి పెట్టెల యంత్రాన్ని ఈ ఒక్క లెక్క మీదే కూర్చోబెట్టించింది. మర్నాడు మధ్యాహ్నానికి జవాబు వచ్చింది. మూడో చోట వంకరగా కుడితే ఎడమ ఊపిరితిత్తికి పన్నెండు. గురువారానికి నాలుగు రోజులే ఉన్నాయి.

ఈ సంగతి పెద్ద డాక్టరుతో ఎవరు చెప్పాలి? నీళ్ళమ్మాయి చెప్పింది, అందింపులమ్మ పక్కన నిలబడింది. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. అది మంచి శకునం కాదని ఆసుపత్రిలో అందరికీ తెలుసు.

"ముప్పై ఏళ్ళుగా కుడుతున్నాను. నా చెయ్యి వంకరా?"

"స్కాన్లలో కనిపిస్తోంది సార్..."

"మెత్తటి గొట్టం. ఒంట్లో సర్దుకుంటూ ఒరుగుతుంది. గువ్వకి లోపలంతా పాత మచ్చలు, గట్టిగా పట్టి ఉంచుతాయి. ఈసారి ఒరగదు. సరే, నమ్మకం లేకపోతే చూద్దురు గాని రండి."

కింద ప్రయోగశాలలో స్కాన్ నుంచి అచ్చుతీసిన రబ్బరు గుండెలున్నాయి, కొత్త డాక్టర్లు కుట్టడం నేర్చుకోవడానికి. పెద్ద డాక్టరు కోటు తీసి కుర్చీ మీద పడేసి, పళ్ళెంలోంచి సూది బిగించిన పట్టకారు తనే తీసుకుని కుట్టాడు. ఒకటి కాదు, ఎనిమిది గుండెలకి ఎనిమిది గొట్టాలు. ఆ వేళ్ళు కదులుతుంటే కోపంగా ఉన్నాడన్న సంగతి కూడా మర్చిపోయి చూశారు అందరూ. నీళ్ళమ్మాయి కొలిచింది. సున్నా. ఒకటి. సున్నా. ఎనిమిదిట్లో ఒక్కటీ రెండు డిగ్రీలు దాటలేదు.

"ఇంకేమైనా ఉందా సిస్టర్?" అన్నాడు పెద్ద డాక్టరు. కోప్పడినా బాగుండేది. మర్యాదగా అడిగాడు.

అందింపులమ్మకి తల కొట్టేసినట్టయింది. పంతొమ్మిదేళ్ళ నమ్మకం మీద తనే చేజేతులా బురద చల్లినట్టనిపించింది. ఆ సాయంత్రం తలొంచుకునే ఇంటికి వెళ్ళింది.

ఇంట్లో అత్తగారు కిటికీ దగ్గర కుర్చీలో ఉంది. ఎనభై ఏళ్ళ మనిషి. కాళ్ళు ఆడవు కానీ నోరు నలుగురి పెట్టు. అందింపులమ్మ టీ పెట్టి కప్పు అందించింది. అత్తగారు చెయ్యి చాపి, మణికట్టు ఓ పక్కకి తిప్పి, కప్పు పుచ్చుకుంది.

"చెయ్యి నొప్పా అత్తయ్యా? అలా తిప్పారేం?"

"నొప్పెందుకే? నువ్విచ్చే కప్పు చెవి ఎప్పుడూ అటే ఉంటుందిగా. ఇంట్లో అందరూ ఇస్తే ఒక తీరు, నువ్విస్తే ఒక తీరు. ఎడమచేతి కోడలివి, ఏం చేస్తాం. పాతికేళ్ళుగా నీకు తగ్గట్టు నేనే తిప్పుకుంటున్నా. ఇప్పుడు కనపడిందా నీకు?"

అందింపులమ్మ ఉన్నచోటే నిలబడిపోయింది. చిన్నప్పుడు వేళ్ళ మీద స్కేలుతో కొట్టి కుడిచేత్తో రాయడం నేర్పారు. రాతైతే మారింది. మిగతావన్నీ ఎడమచేత్తోనే. పట్టకారు కూడా ఎడమచేత్తోనే ఇస్తుంది. ఆయన గాయం మీంచి కళ్ళు తిప్పకుండా అరచెయ్యి చాపుతాడు. ఆమె ఇస్తుంది. ఆయన మణికట్టు అటు తిప్పుకుని అందుకుంటాడు, తిప్పిన చేత్తోనే మొదటి కుట్టు వేస్తాడు. మొదటి కుట్టు ఎక్కడ పడితే మిగతావన్నీ దాని వెంటే నడుస్తాయి. ప్రయోగశాలలో ఆయనకి ఎవరూ అందించలేదు, పళ్ళెంలోంచి తనే తీసుకున్నాడు.

వంకర ఆయన చేతిది కాదు.

మర్నాడు పొద్దున్నే పెద్ద డాక్టరు గది ముందు నిలబడింది. "సార్, తప్పుగా అనుకోకండి. నిన్న మా అత్తగారికి టీ కప్పు అందిస్తుంటే ఓ సంగతి తెలిసింది. ఇంకొక్కసారి కుట్టండి. ఈసారి నేను అందిస్తాను." ఆయన ఏదో అనబోయి ఆమె ముఖం చూసి లేచి వచ్చాడు.

రబ్బరు గుండె ముందు ఆయన చెయ్యి చాపాడు. ఆమె ఇచ్చింది. ఆయన కుట్టాడు. నీళ్ళమ్మాయి కొలిచి, నమ్మలేక మళ్ళీ కొలిచింది. పద్నాలుగు. రెండోది పద్నాలుగు. మూడోది పదమూడున్నర. ఎనిమిదీ అంతే. పెద్ద డాక్టరు ఎనిమిదో గుండెను చేతిలోకి తీసుకుని, కిటికీ వెలుగులో తిప్పి తిప్పి చూశాడు. ముప్పై ఏళ్ళుగా కుడుతున్న మనిషి ముఖం మీద మొదటి రోజు విద్యార్థి ముఖం వచ్చి కూర్చుంది.

"నాకు తెలియనే తెలియదు" అన్నాడు. "నా చెయ్యి నీ చేతికి సర్దుకుందన్న సంగతి నాకు తెలియదు సిస్టర్."

ఆ వంకర వేసి, నిమిషాల్లో తేలే ముతక లెక్క కడితే పదకొండుమంది పిల్లల రక్తమూ యంత్రం చెప్పిన దారినే పారింది. ఎవరి నెత్తురూ చిక్కబరచాల్సిన పని లేకపోయింది. రెండు వీధుల అవతల ఎక్కడో ఉన్న ఇనుప పెట్టెలు, ఒక నర్సు ఎడమచెయ్యి ఎలా తిరుగుతుందో పట్టి ఇచ్చాయి. అందరూ ఆ తెరను చూసి ఆశ్చర్యపోతుంటే అందింపులమ్మ ఒక్కత్తే మెల్లగా బయటికి వచ్చేసింది.

మధ్యాహ్నం నీళ్ళమ్మాయిని అడిగింది. "నాకో లెక్క కట్టిపెడతావా?"

"చెప్పక్కా."

"ఐదేళ్ళ కిందట గువ్వకి చేసిన ఆపరేషన్. ఆ రోజు అందించింది నేనే. గొట్టం నిలువుగా పడి ఉంటే ఏమయ్యేది?"

నీళ్ళమ్మాయి ముఖం చిన్నబోయింది. "ఎందుకక్కా అది? జరిగిపోయింది."

"నాకు తెలియాలి."

ఆ అమ్మాయి పని పంపించడానికి తను వెళ్ళే సూపర్ కంప్యూటరు హాలుకే ఆమెనూ తీసుకెళ్ళింది. ఆ హాలు తలుపు తెరవగానే హోరు. మనిషికన్నా ఎత్తైన నల్లటి బీరువాలు వరసలు వరసలుగా, చివర కనపడనంత దూరం దాకా. వాటి మధ్య లావుపాటి గొట్టాల్లో నీళ్ళు చల్లగా వెళ్ళి, వేడెక్కి తిరిగి వస్తున్నాయి. అందింపులమ్మ తనకు తెలియకుండానే, థియేటర్లో చేతులు కడుక్కున్నాక దేన్నీ తాకకుండా నిలబడేటట్టు, రెండు చేతులూ ఛాతీ దగ్గరికి చేర్చుకుని నిలబడింది. జరగబోయేది చెప్పే యంత్రమంటే అర్థం చేసుకుంది. జరగనిదాన్ని కూడా చూపిస్తుందా? వేరేలా జరిగి ఉండాల్సిన ఒక మధ్యాహ్నాన్ని ఇవి నిజంగా వెనక్కి తెచ్చి ముందు పెడతాయా? ఆమెకు భయం వేసింది. ఆ భయంలో దండం పెట్టాలనిపించింది.

యంత్రాలు తెచ్చి పెట్టాయి. మర్నాడు నీళ్ళమ్మాయి తెర మీద రెండు బొమ్మలు పక్కపక్కన ఉంచింది. మొదటిది జరిగింది: ఎడమకి ఆరు. రెండోది జరగనిది: ఎడమకి నలభైఒకటి. నలభైఒకటి చాలు. ఆ రెండో బొమ్మలో గువ్వ పెదాలు నల్లబడవు, మెట్ల మీద కూలబడదు.

"మిగతా పదిమందికీ కూడా చూశానక్కా" అంది నీళ్ళమ్మాయి గబగబా. "ఏడుగురికి వంకర వల్ల ఏ హానీ లేదు. ముగ్గురికి నీ వంకర మేలే చేసింది, నిజం."

"ఒక్క గువ్వకే" అంది అందింపులమ్మ. తెరలో జరగని రక్తం హాయిగా రెండు వైపులా పారుతూనే ఉంది. ఆమె దాన్ని చూస్తూ ఏడ్చింది. ఎవరి తప్పో తెలియని బాధకన్నా తెలిసిన బాధ తేలికంటారు కొందరు. వాళ్ళకి ఇలాంటిది ఎప్పుడూ తెలిసి ఉండదు.

సాయంత్రం పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్ళింది. "గురువారం ఇంకెవరినైనా పెట్టుకోండి సార్. వేరే నర్సు అందిస్తే నిలువుగా పడుతుంది. మూడో చోటే కుట్టొచ్చు."

ఆయన నీళ్ళమ్మాయిని పిలిపించాడు. వేరే నర్సులు ముగ్గురు ఒక్కొక్కరు ఎనిమిదేసి సార్లు అందించారు, ఆయన కుట్టాడు. ఒకరితో తొమ్మిది డిగ్రీలు కుడికి, అదే మనిషితో మళ్ళీ నాలుగు ఎడమకి, ఇంకొకరితో సున్నా, తర్వాత ఏడు. వేలం పాటలా ఉంది. నీళ్ళమ్మాయి ఆ వంకరలన్నిటినీ ముతక లెక్క కోసం యంత్రానికి ఇచ్చింది. నాలుగు చోట్ల, ఒక్కో చోటా వందల రకాలుగా, గువ్వ గుండె ఆ పెట్టెల్లో వేలసార్లు కుట్టించుకుంది, వేలసార్లు కొట్టుకుంది. బుధవారం ఉదయం జవాబు వచ్చేసరికి ఆ అమ్మాయి కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"మూడో చోట మిగతావాళ్ళు ఎవరు అందించినా చిట్టీలు వేసినట్టే సార్. ఒక్కోసారి అద్భుతం, ఒక్కోసారి ఘోరం. రెండో చోట..." అని రెండో బొమ్మ తెరిచింది. "మనం పనికిరాదన్నామే, మరీ ఎడమకి పోతోందని. అక్కడ ఈ అక్క పద్నాలుగు డిగ్రీలు కుడికి లాగితే సరిగ్గా సర్దుకుంటోంది. ఎడమకి నలభైతొమ్మిది, కుడికి యాభైఒకటి. ఒకటి రెండు డిగ్రీలు అటూ ఇటూ అయినా చెడదు. వంకరే కానీ, ఎంత నిలకడైన వంకరో!"

పెద్ద డాక్టరు అందింపులమ్మ వైపు తిరిగాడు. "విన్నావుగా. నువ్వు లేకపోతే నేను కుట్టను."

గురువారం ఉదయం గువ్వ నిద్రలోకి వెళ్ళే ముందు నర్సులందరికీ టాటా చెప్పింది. మూడు గంటలు పాత మచ్చలు విడదీయడానికే పట్టింది. గుండె పనిని పక్కనున్న యంత్రానికి అప్పగించారు. పాత గొట్టం పై కొస ఊడింది. రెండో చోట నాళాన్ని తెరిచారు. పెద్ద డాక్టరు కళ్ళు ఎత్తకుండా అరచెయ్యి చాపాడు.

అందింపులమ్మ పట్టకారు ఇచ్చింది.

ఆ చెయ్యి కదల్లేదు. పట్టకారును వేళ్ళ మధ్య ఒక్క క్షణం తూచినట్టు పట్టుకుని, ఆయన దాన్ని తిరిగి ఆమె వైపు చాపాడు.

"ఇదెవరిది?"

"సార్?"

"నీది కాదు సిస్టర్. నీది ఇవ్వు."

ఆమెకి అప్పుడు తెలిసింది. ఐదు రోజుల సిగ్గు ఆమె చేతిలోకి దిగి, ఆ చేతిని తిన్నగా చేసేసింది. ఆమె పట్టకారు పుచ్చుకుని ఎలా ఇచ్చేదో గుర్తుచేసుకోబోయింది. గుర్తుకు రాలేదు. పంతొమ్మిదేళ్ళు ఆలోచించకుండా చేసిన పని ఆలోచించి ఎలా చెయ్యడం? పక్కన యంత్రం పిల్ల రక్తాన్ని తిప్పుతోంది, గడియారం నడుస్తోంది, చాపిన అరచెయ్యి అలాగే ఎదురుచూస్తోంది.

"మీ అత్తగారు ఎలా ఉన్నారు?" అన్నాడు పెద్ద డాక్టరు గాయం మీంచి చూపు మరల్చకుండా.

పంతొమ్మిదేళ్ళలో ఆయన ఒక్కసారి ఆమె ఇంటి సంగతి అడిగిన పాపాన పోలేదు. మత్తు డాక్టరు తల ఎత్తి చూశాడు.

"బానే ఉన్నారు సార్, కాళ్ళే ఆడవు గానీ నన్ను తిట్టడానికి ఓపికకేం లోటు..." అంటూనే ఆమె ఇచ్చేసింది.

ఆయన మణికట్టు అటు తిరిగి అందుకుంది. మొదటి కుట్టు పడింది. ఆ తర్వాత చెయ్యి చాపడం, ఇవ్వడం, అందుకోవడం. నలభై కుట్లు.

తొమ్మిదో రోజున కొత్త స్కాన్ వచ్చింది. నీళ్ళమ్మాయి యంత్రం ముందుగా గీసిన గుండెను తెర మీద పెట్టి, నిజం గుండెను దాని మీదికి జరిపింది. ఒకదానిలో ఒకటి ఒదిగిపోయాయి. గొట్టం పద్నాలుగు డిగ్రీలు ఒరిగి ఉంది. ఎడమ ఊపిరితిత్తికి నలభైతొమ్మిది అని చెప్పింది యంత్రం. వచ్చింది నలభైయెనిమిది. గదిలో కుర్చీలన్నీ చప్పుడు చేశాయి. ఎవరూ చెప్పకుండానే అందరూ లేచి నిలబడ్డారు. ఒక చిన్న పిల్ల ఒంట్లో, పేరు కూడా తెలియని ఏదో ఒకటి, ఐదేళ్ళుగా వెళ్ళని చోటికి మొదటిసారి వెళ్తోంది. వెళ్తుండగా తాము చూస్తున్నారు. పెద్ద డాక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ తుడుచుకున్నాడు. పిచ్చి నాళాలు పోవడానికి నెలలు పడుతుంది కానీ పోతాయి అన్నాడు.

అందింపులమ్మ వార్డుకి దిగింది. గువ్వ నిద్రపోతోంది. పక్కన దాని తల్లి. స్కూలు బస్సు నడుపుతుంది ఆవిడ. డ్యూటీ యూనిఫాంలోనే వచ్చేసి కూర్చుంది. మొదటి గొట్టం ఒరిగింది, సరిచేశాం అని డాక్టర్లు ఇదివరకే చెప్పారు. అంతకు మించి ఎవరూ చెప్పలేదు, చెప్పమని ఎవరూ అడగలేదు.

"అమ్మా, మీకో మాట చెప్పాలి" అని అందింపులమ్మ మంచం అంచున కూర్చుంది. చెప్పింది. తను ఎడమచేత్తో ఇస్తుందని, దాంతో కుట్టు పక్కకి పడుతుందని, ఐదేళ్ళ కిందట అలాగే పడిందని, నిలువుగా పడి ఉంటే పిల్లకి ఇంత కష్టం వచ్చేది కాదని కంప్యూటరు లెక్కకట్టి చూపిందని, అంతా చెప్పింది. "మాకెవరికీ తెలియదమ్మా. కానీ అది నా చెయ్యి. మీరు తిట్టినా నేను పడాల్సిందే."

తల్లి తిట్టలేదు. ఆమె వైపే చూస్తోంది కానీ చూపు ఎక్కడో ఉంది.

"గొట్టం ఒరగడం... ఆపరేషన్ రోజే జరిగిందా?"

"ఆ రోజేనమ్మా. మొదటి కుట్టుతోనే."

"ఇంటికి తీసుకెళ్ళాక కాదా?"

"కాదు."

తల్లి ముందుకు వంగింది. "ఇంటికి తీసుకెళ్ళిన వారానికి ఇది మెట్ల మీంచి జారబోయింది. చంకలు పట్టి లాగేశాను. చంకలు పట్టి ఎత్తొద్దని మీరంతా చెప్పే పంపారు. అయినా లాగాను, పడిపోతోందని. ఆ లాగడంతోనే లోపల గొట్టం కదిలిందనుకున్నా. ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకి కూడా. పెదాలు నల్లబడ్డ ప్రతిసారీ..." ఆవిడ పిల్ల వైపు చూసింది. "నా వల్ల కాదా సిస్టర్?"

"కాదమ్మా."

"ఆ మిషను అలా చెప్పిందా?"

"చెప్పింది. నేనూ చెబుతున్నా. మీ వల్ల కాదు."

బస్సు నడిపే ఆ గట్టి మనిషి వంగి, అందింపులమ్మ ఎడమచేతిని రెండు చేతులతో పట్టుకుని, పిల్ల లేస్తుందని శబ్దం రాకుండా ఏడ్చింది. కాసేపటికి మళ్ళీ అడిగింది, తన వల్ల కాదా అని. అందింపులమ్మ మళ్ళీ చెప్పింది.